నల్లవాళ్ళ నొప్పి అంతా ‘మైండ్‌సెట్’ సమస్యేనా?

అమెరికాలో ఆరోగ్యం గురించి మాట వచ్చినప్పుడల్లా, అక్కడున్న మనవాళ్ళ గ్రూపుల్లో కూడా, ఒక వాదన చక్కర్లు కొడుతుంటుంది. దాని సారాంశం ఇది: ‘నల్లజాతి వాళ్ళు నొప్పి నొప్పి అంటారు గానీ ఎక్స్‌రేలో అంత కనపడదు. అసలు వాళ్ళ ఒళ్ళు గట్టిది. ఉన్నదల్లా భయం, దేవుడి మీద భారం వేసి కూర్చునే అలవాటు. కొందరైతే మాత్రల కోసం నాటకమాడతారు. మన ఏషియన్లను చూడండి, కిక్కురుమనరు. తేడా అంతా మైండ్‌సెట్‌లోనే ఉంది, ఊరికే డాక్టర్లను అనడం దండగ.’ చివర్లో ‘సైకాలజీ పరిశోధనలే చెప్పాయి’ అని ఒక తోక. ఆ తోకలో కాస్త నిజం ఉంది. మిగతాదంతా దాన్ని పట్టుకునే చెలామణి అవుతోంది కాబట్టి ఒక్కో ముక్కా విడిగా చూడాల్సిందే.

అసలు మొదటి మాటే తప్పు. దీర్ఘకాలిక నొప్పి ఉందని చెప్పేవాళ్ళు నల్లవాళ్ళలో ఎక్కువేమీ కాదు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వే ప్రకారం తెల్లవాళ్ళలో 23.6 శాతం మందికి, నల్లవాళ్ళలో 19.3 శాతం మందికి అలాంటి నొప్పి ఉంది. తేడా వచ్చేది మరోచోట. నొప్పి ఉన్నవాళ్ళను మాత్రమే తీసుకుని చూస్తే, నల్లవాళ్ళు దాని తీవ్రత ఎక్కువని, దానివల్ల పనులు చేసుకోలేకపోతున్నామని ఎక్కువగా చెబుతారు. ‘ఊరికే మూలిగే జనం’ అయితే మొదటి లెక్కలో కూడా వాళ్ళే ముందుండాలి కదా?

ఇక ‘ఎక్స్‌రేలో కనపడదు’ అనే ముక్క. అన్నిటికంటే శాస్త్రీయంగా వినిపించేది ఇదే, అన్నిటికంటే గట్టిగా దెబ్బతిన్నదీ ఇదే. మోకాళ్ళ నొప్పితో వెళితే ఎక్స్‌రే తీసి, ఎముకల మధ్య సందు ఎంత తగ్గింది, అంచుల్లో ఎముక ముళ్ళలా పెరిగిందా అని చూస్తారు. మనం ‘గుజ్జు అరిగింది’ అంటామే, అది. అరుగుదలను బట్టి 0 నుంచి 4 దాకా గ్రేడు వేస్తారు. కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ఇంగ్లండులోని లాంకషైర్ జనాన్ని పరీక్షించి 1957లో ఈ గ్రేడు పద్ధతిని ప్రచురించారు. అంటే ఇది తెల్లవాళ్ళ మోకాళ్ళను చూసి తయారైన కొలబద్ద. దీన్నే ఇప్పటికీ అందరి మోకాళ్ళకూ వాడుతున్నారు. గ్రేడు 2 ఉండి నొప్పి పదికి ఎనిమిది అంటే, ‘నొప్పికి కారణం మోకాలు కాదు, ఇంకేదో’ అని రాసుకోవడం మామూలు.

2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఎమ్మా పియర్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వేల ఎక్స్‌రేలను కంప్యూటర్‌కు ఇచ్చి, ‘డాక్టరు ఏ గ్రేడు వేస్తాడు?’ అని నేర్పకుండా, ‘ఈ మోకాలున్న మనిషి తన నొప్పి ఎంతని చెప్పాడు?’ అన్నది నేర్పించారు. ఫలితం చూడండి. నల్లవాళ్ళకూ మిగతావాళ్ళకూ నొప్పిలో ఉన్న తేడాలో పాత గ్రేడు వివరించగలిగింది 9 శాతమే. అవే ఎక్స్‌రేలు చూసి కంప్యూటర్ వివరించింది 43 శాతం. కొత్త స్కాన్ ఏదీ తీయలేదు. కారణం మోకాల్లోనే ఉంది, ఫిల్మ్ మీదా ఉంది, మన గ్రేడుకే అది కంటపడలేదు. ఇది కాగితాల మీది లెక్క మాత్రమే కాదు. మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు ఎవరు అర్హులో తేల్చడంలో ఆ గ్రేడుకూ పాత్ర ఉంటుంది. దాని బదులు కంప్యూటర్ అంచనా వాడితే, అర్హత పొందే నల్లవాళ్ళ మోకాళ్ళ సంఖ్య దాదాపు రెట్టింపవుతుందని వాళ్ళు లెక్కగట్టారు. ఇన్నాళ్ళూ ఆ మనుషులకు ‘ధైర్యంగా ఉండండి’ అని చెప్పి పంపించారన్నమాట.

43 అంటే వంద కాదు, నిజమే. మిగిలిన దాంట్లో నిద్ర, డిప్రెషన్, చేసే పని, డబ్బు టెన్షన్, అన్నిటికీ చోటుంది. దాని దగ్గరికి వస్తాను.

‘ఒళ్ళు గట్టిది’ అనేది పాత కంపు. అలబామాలోని మాంట్‌గోమరీలో మారియన్ సిమ్స్ అనే డాక్టరు 1840లలో బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా పదేపదే ఆపరేషన్లు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అన్న మూడు పేర్లు మాత్రం చరిత్రలో మిగిలాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గరున్న అతని విగ్రహాన్ని 2018లో గానీ తీసేయలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే మరో డాక్టరు, నల్లవాళ్ళ చర్మానికి స్పర్శ మందగించే జబ్బు ఉంటుందని ఒక పేరు పెట్టి మరీ రాశాడు. ఇదంతా పాత కథ అనుకుంటే, 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు 222 మంది తెల్లజాతి మెడికల్ విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను అడిగి చూశారు. ‘నల్లవాళ్ళ చర్మం మందం’, ‘వాళ్ళ నరాల చివర్లు మొద్దు’ లాంటి అబద్ధపు మాటల్లో కనీసం ఒకదాన్ని సగం మంది నమ్మారు. అలా నమ్మినవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, వైద్యం సూచించడంలోనూ ఎక్కువ తప్పులు చేశారు.

పైగా ల్యాబులో వేడి, చలి పెట్టి చేసిన పరీక్షల్లో నల్లవాళ్ళ ఓర్పు సగటున తక్కువే కనపడింది. ఎందుకు తక్కువ అనేది వేరే చర్చ. 2020లో మెదడు స్కాన్లతో చేసిన ఒక అధ్యయనం, వివక్షను ఎంత అనుభవించారన్న దానితో ఇది ముడిపడి ఉందని చూపింది. ఏదేమైనా, ఒకే మెసేజ్‌లో ‘ఒళ్ళు గట్టిది’, ‘కొంచెం నొప్పికే గోల’ రెండూ ఎలా ఇముడుతాయో పంపినవాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు ఆ తోక సంగతి. నొప్పి గురించి అతిగా భయపడే ధోరణిని కొలవడానికి 1995 నుంచి ఒక ప్రశ్నావళి వాడుకలో ఉంది. 13 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ‘ఇది ఎప్పటికైనా తగ్గుతుందా అని దిగులు పడుతుంటాను’, ‘దీన్ని తగ్గించుకోవడానికి నేను చేయగలిగిందేమీ లేదు’, ఇలా ఉంటాయి. ఇందులో నల్లవాళ్ళకు సగటున ఎక్కువ మార్కులు వస్తాయి. నొప్పి వచ్చినప్పుడు ప్రార్థన చేయడం వాళ్ళలో ఎక్కువ, పట్టించుకోకుండా ఉండడం తెల్లవాళ్ళలో ఎక్కువ. ఈ మార్కులు ఎక్కువున్నవాళ్ళకు నొప్పీ, అవస్థా ఎక్కువ ఉంటాయి. ఇవన్నీ ఒకటికి పదిసార్లు తేలిన విషయాలే, వీటితో నాకు పేచీ లేదు.

కానీ ఆ వాక్యాలను ఒక నల్లజాతి మహిళ కుర్చీలో కూర్చుని చదవండి. రెండేళ్ళుగా మోకాలి నొప్పి. గ్రేడు చాలదని ఆపరేషన్ వద్దన్నారు. రాసిచ్చిన మందు తన పేటలో దొరకలేదు. రోజూ ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం. ‘నేను చేయగలిగిందేమీ లేదు’ అన్న వాక్యం ముందు ఆవిడ ఎన్ని మార్కులు వేయాలి? నాలుగు వేస్తే అది భయమా, ఉన్నమాటా? ప్రశ్నావళికి ఆ తేడా తెలియదు. అది నొప్పికి కారణాన్నీ కొలుస్తుంది, నొప్పితో ఒంటరిగా వదిలేసిన ఫలితాన్నీ కొలుస్తుంది, రెండూ కలిపి ఒకే అంకె ఇస్తుంది. ఆ అంకెను పట్టుకుని ఒక జాతి స్వభావం అనడం మాత్రం పరిశోధన చెప్పిన మాట కాదు. ఇక ప్రార్థన అంటారా, మోకాళ్ళకు తిరుపతి మొక్కులు మొక్కుకునే మనం ఆ మాట అనకపోవడమే మంచిది.

‘మైండ్‌సెట్ మారిస్తే చాలు’ అన్నదాన్ని పరీక్షించి కూడా చూశారు. నార్త్ కరోలినాలో కీళ్ళ అరుగుదలతో బాధపడుతున్న 248 మంది నల్లజాతి వాళ్ళకు, సగం మందికి ఇప్పుడు, సగం మందికి తర్వాత అన్న పద్ధతిలో, వాళ్ళ సంస్కృతికి తగ్గట్టు మలిచిన శిక్షణ ఫోన్‌లో ఇచ్చారు. నొప్పిని ఎదుర్కొనే నేర్పు పెరిగింది, తమ మీద తమకు నమ్మకం పెరిగింది. నొప్పి కొంచెం తగ్గినట్టు కనిపించినా, గణాంకాల ప్రకారం గట్టిగా తగ్గిందని చెప్పడానికి అది చాలలేదు. ఫలితాలు 2019లో వచ్చాయి. అలాంటి శిక్షణ ఇవ్వాలి, ఇంకా ఎక్కువమందికి ఇవ్వాలి. అరిగిన గుజ్జుకు అది బదులు మాత్రం కాదు.

మాత్రల కోసం నాటకం అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. విరిగిన ఎముక నాటకమాడదు. అట్లాంటాలో ఒక ఎమర్జెన్సీ విభాగంలో కాలో చెయ్యో విరిగి వచ్చినవాళ్ళ రికార్డులు తీస్తే, నొప్పి మందు అందింది తెల్లవాళ్ళలో 74 శాతం మందికి, నల్లవాళ్ళలో 57 శాతం మందికి. నొప్పి ఉందని ఫైల్లో ఇద్దరికీ ఒకేలా రాసి ఉంది. 2000లో వచ్చిన మరో అధ్యయనంలో న్యూయార్క్ మందుల షాపులను పరిశీలిస్తే, తెల్లవాళ్ళ పేటల్లో 72 శాతం షాపుల్లో గట్టి నొప్పి మందులు సరిపడా ఉన్నాయి, మిగతా పేటల్లో 25 శాతం షాపుల్లోనే. అమెరికాలో ఎక్కువగా నల్లవాళ్ళకే వచ్చే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు (మన ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లోనూ ఉన్నదే) ముదిరి ఎముకలు పిండేసే నొప్పితో వచ్చినవాళ్ళు అమెరికా ఎమర్జెన్సీల్లో ఇతర రోగుల కంటే 25 శాతం ఎక్కువసేపు కాచుకుంటున్నారని 2013లో తేలింది.

చివరిగా, ‘మన ఏషియన్లను చూడండి’. పైన చెప్పిన సర్వేలో ఏషియన్ల అంకె 6.8 శాతమే, నిజం. అయితే వీసా, చదువు, ఉద్యోగం అనే జల్లెడలు దాటి వెళ్ళిన వాళ్ళు అందులో ఎక్కువ. ఆ అంకె ఓర్పుకు సర్టిఫికెట్ కాదు. 2005లో బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న దక్షిణాసియా మగవాళ్ళను, తెల్లవాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి వేడితో పరీక్షించారు. నొప్పి అని ముందుగా అన్నది మనవైపు వాళ్ళే.

మన గురించి కూడా ఇలాంటి మాటే అచ్చయింది. పియర్సన్ అనే ప్రచురణ సంస్థ (పైన చెప్పిన పరిశోధకురాలితో సంబంధం లేదు) నర్సింగ్ పాఠ్యపుస్తకంలో ఏ జాతి నొప్పికి ఎలా స్పందిస్తుందో ఒక పేజీలో జాబితా వేశారు. నల్లవాళ్ళు నొప్పి ఎక్కువని చెబుతారట, విశ్వాసం ఎంతో ఉపశమనం అంతే అనుకుంటారట. హిందూ ఆచారాలు పాటించే భారతీయులేమో, వచ్చే జన్మ బాగుండాలని నొప్పిని భరించాలనుకుంటారట. 2017లో ఆ పేజీ ఫొటో ఆన్‌లైన్‌లో పాకి దుమారం రేగాక సంస్థ క్షమాపణ చెప్పి దాన్ని తీసేసింది. అప్పటిదాకా ఆ పుస్తకం చదివి పాసైన నర్సు ముందు మన అమ్మ ఆపరేషన్ అయి పడుకుని, బెల్ నొక్కకుండా పళ్ళు బిగించి ఉంటే, ఆవిడకు మందు అక్కర్లేదనే అనుకుంటుంది.