ఆ ఫోటోలు తీయనిచ్చింది ఎవరు?
మరియా హెర్టోగ్ అనే పిల్ల కస్టడీ కేసు వల్ల రేగిన 1950 సింగపూర్ అల్లర్ల మీద మీ వ్యాసం బాగుంది. కానీ కోర్టు తీర్పుల గురించి అంత రాసి, కాన్వెంట్ (క్రైస్తవ సన్యాసినుల మఠం) ఫోటోల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నన్నడిగితే అసలు అగ్గి రాజుకున్నది అక్కడే.

జావాలో డచ్ క్యాథలిక్ దంపతులకు పుట్టిన మరియా హెర్టోగ్‌ను 1942 నుంచి పెంచింది అమీనా అనే ముస్లిం మహిళ. దత్తత ఇచ్చారని అమీనా, కొన్నాళ్లు చూసుకోమన్నామంతేనని కన్నతల్లి. ఈలోగా పిల్ల పేరు నద్రా అయింది, మలే తప్ప ఇంకో భాష రాదు. 13 ఏళ్లకే పెళ్లి కూడా చేసేశారు (అది మాత్రం ఎవరేమన్నా సమర్థించలేను).

డిసెంబర్ 2న ఆ పెళ్లి చెల్లదని, పిల్లను కన్నవాళ్లకు అప్పగించమని తీర్పు. సరే, కానీ తీసుకెళ్లి కాన్వెంట్‌లో పెట్టడమేంటి? కన్య మరియ విగ్రహం ముందు ఆ పిల్ల ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. మసీదు నుంచి ఇంటికొచ్చి పేపర్ తెరిచిన మనిషికి అది కస్టడీ కేసులా కనిపిస్తుందా? 11న అప్పీలు నిమిషాల్లో ముగిసింది, ఊరు భగ్గుమంది. 18 మంది పోయారు, 173 మందికి గాయాలు.

అమీనా దగ్గరే ఉంటానని ఆ పిల్ల మొత్తుకున్న సంగతి కూడా వ్యాసంలో లేదు.