గుక్కెడు నీళ్ళకు ఎవరి పర్మిషన్ తీసుకోవాలి?

ఇప్పుడే కింద గొడవపడి ఇంట్లోకి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇది రాయకపోతే రాత్రికి నిద్ర పట్టదు. పొడుగైతే ఏమీ అనుకోకండి.

ఈరోజు మూడో పెరటాసి శనివారం. తిరుపతి వాళ్ళకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు ఒక మాట: పెరటాసి తమిళ నెల, ఆ నెల శనివారాలకు అటువైపు పల్లెల నుంచి పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచి వస్తారు. తెల్లవారుజాము నుంచి రోడ్డు మీద గోవింద నామాలు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి నేను కూరగాయలు తీసుకుని వస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. పసుపు చీర కట్టుకున్న పెద్దావిడ, ఆమె కోడలు, ఇద్దరు పిల్లలు. పెద్దావిడకు డెబ్బై దాటి ఉంటాయి. కాళ్ళకు చెప్పుల్లేవు. మడమలు పగిలి, ఆ పగుళ్ళలోకి తారు నలుపు దిగిపోయింది. బొటనవేలికి పసుపు గుడ్డపేలిక చుట్టి ఉంది. నన్ను చూడగానే ఖాళీ బాటిల్ చూపించి "కొంచం తణ్ణి కుడుమ్మా" అంది.

కింద సెల్లార్‌లో తాగునీళ్ళ మెషిన్ ఉంది. 48 ఫ్లాట్లకూ అదే. వాళ్ళను లోపలికి పిలిచి, బాటిల్ నింపి ఇచ్చాను. ముందు పిల్లలు తాగారు. ఊపిరి కూడా తీసుకోకుండా తాగారు. పెద్దావిడ చివరికి తీసుకుంది. దోసిట్లో ఇన్ని పోసుకుని మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు బాటిల్ ఎత్తి తాగింది. ఎక్కడినుంచి అని అడిగితే తిరుత్తణి పక్కన పల్లె అన్నారు. గురువారం పొద్దున బయల్దేరారట. నగరి, పుత్తూరు, వడమాలపేట మీదుగా నడిచి వచ్చారు. ఇంకా అలిపిరి మెట్లు ఎక్కాలి.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. అసోసియేషన్ సెక్రటరీ లిఫ్ట్ దిగాడు. "మేడం, ఎవరు వీళ్ళు? బయటివాళ్ళను లోపలికి ఎందుకు రానిచ్చారు?" అన్నాడు. దాహమన్నారు సార్, నీళ్ళిచ్చాను అన్నాను. "ఈరోజు ఒకరికిస్తే రేపు వందమంది వస్తారు. మెయింటెనెన్స్ కట్టేది మనం" అన్నాడు. వాళ్ళ ముందే అన్నాడు. సరిహద్దు పల్లెల వాళ్ళకు తెలుగు రాదా? ప్రతి ముక్కా అర్థమైంది ఆమెకు. సగం నిండిన బాటిల్‌కు మూత బిగించి, "పోదాం పాండిరా" అని పిల్లల్ని లేపింది. తెలుగులోనే అంది! గేటు దాటాక వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది. నాకు తిట్లు తెచ్చిపెట్టానే అన్నట్టుంది ఆ మొహం. నా కడుపు మండిపోతున్నది అందుకే.

నేను పైకి వచ్చేలోపు గ్రూపులో మెసేజ్. 'ఔట్‌సైడర్స్‌కు కామన్ వాటర్ ఇవ్వరాదు. సెక్యూరిటీ దృష్ట్యా అందరూ సహకరించగలరు.' దాని కింద వరసగా బొటనవేళ్ళు. అందులో ఒకావిడ, పేరు చెప్పను, మొన్న వేసవిలో రెండు రోజులు ట్యాంకర్ రాకపోతే బిందె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా డ్రమ్ములో నీళ్ళు ఇద్దరం సగం సగం పంచుకున్నాం. ఆమె కూడా బొటనవేలు పెట్టింది. అది చూశాక ఒళ్ళు మండదా?

ఔట్‌సైడర్ అంటే ఎవరు? నాకు చెప్పండి. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. ఆ ఏడాది ఏప్రిల్‌లో సరిహద్దులు మార్చి మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. అంటే ఆ పెద్దావిడ చిత్తూరు జిల్లాలో పుట్టిన మనిషి. మన తిరుపతే 2022 నుంచి చిత్తూరు జిల్లాలో లేదు. గీత అటు గీస్తే వాళ్ళు బయటివాళ్ళు, ఇటు గీస్తే మనం బయటివాళ్ళం. సెక్రటరీ గారు ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఆమె ఎన్ని పెరటాసి నెలలుగా ఈ దారిన నడుస్తోందో! నేను ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళను తప్పుబట్టడం లేదు. ఈ ఊరు బతికేదే వచ్చేవాళ్ళ మీద. అందరం ఆ కొండ కింద ఆయన పేరు చెప్పుకుని తింటున్నవాళ్ళమే. ఆయన దగ్గరికి నడిచిపోయే మనిషిని గేటు బయట నిలబెట్టడానికి మనకు నోరెలా వస్తుంది?

నా చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో మా ఇల్లు. ఇంటి ముందు నల్లరాతి తిన్నె. తిన్నె మీద ఒక మూలన స్వర్ణముఖి ఇసుక పోసి, దాని మీద మట్టికడవ పెట్టేవాళ్ళు. పొద్దున నీళ్ళు నింపగానే అవ్వ ఆ ఇసుక మీద కూడా రెండు చెంబులు పోసేది. మధ్యాహ్నానికి కడవ చెమర్చి చల్లగా ఉండేది. మూత మీద ఇత్తడి చెంబు. దానికి గొలుసు లేదు. నాకు తెలిసి దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. వానలకు బావి నీళ్ళు బురదగా ఊరితే అవ్వ రాత్రిపూట కడవ లోపల చిల్లగింజ అరగదీసేది. గరగర అని చప్పుడు. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేటగా ఉండేవి. దారిన పోయేవాళ్ళ కడవకు కూడా అంతే శ్రద్ధగా చేసేది, మాకు వేరే, వాళ్ళకు వేరే కాదు.

ఒకసారి నేను ఎవరినో "ఎవురు మీరు, ఏ ఊరు?" అని అడిగితే అవ్వ లోపలినుంచి కేకేసింది. "నీళ్ళడిగినోళ్ళను ఊరూ పేరూ అడుగుతారా మే? ముందు నీళ్ళియ్యి."

పెరటాసి నెల వచ్చిందంటే మా వీధి మొత్తానికీ పని. శుక్రవారం రాత్రి ఇంటింటా ఎక్కువ పాలు తోడు పెట్టేవాళ్ళు. శనివారం పొద్దున పెరుగులన్నీ తెచ్చి మా ఇంటి గంగాళంలో పోసి, మా అమ్మా, ఎదురింటి అత్తా కవ్వంతో చిలికేవాళ్ళు. బావి నీళ్ళు కలిపి, అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేసి, కరివేపాకు నలిపి వేసేవాళ్ళు. ఉప్పు మాత్రం అవ్వే వెయ్యాలి. 1980లో నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఏడాది మొదటిసారి గరిటె నా చేతికిచ్చారు. ఎంత గర్వమో చెప్పలేను. పసుపు బట్టలవాళ్ళు గోవిందా అంటూ వస్తారు, చెంబు చాపుతారు, మనం పోస్తాం, తాగి దండం పెట్టి పోతారు. నా చిన్న చేతులకు దండం పెడితే సిగ్గేసేది. సాయంత్రానికి మోచేతుల దాకా మజ్జిగ వాసన.

ఇది మా ఒక్క వీధి గొప్ప కాదు. గంగమ్మ జాతర వస్తే వీధి వీధినా అంబలి పోసేవాళ్ళు, ఎవరు తాగారో లెక్క లేదు.

ఎండాకాలం బావులు ఎండితే మా మేనత్త వాళ్ళు తిరుచానూరు వైపు స్వర్ణముఖిలో చెలమలు తవ్వేవాళ్ళు. మేము సెలవులకు పోతే మాకదే ఆట. మోచెయ్యంత లోతు తవ్వితే తడి తగులుతుంది. మొదట ఊరిన బురద నీళ్ళు కొబ్బరి చిప్పతో తోడి పారబొయ్యాలి. తర్వాత కాసేపు ఓపిగ్గా కూర్చోవాలి. ఇసుక సందుల్లోంచి సన్నగా, అద్దంలాంటి నీళ్ళు ఊరతాయి. చిప్పతో ముంచి బిందె నింపుకోవాలి. మన బిందె నిండాక ఆ చెలమను పూడ్చకూడదు. తర్వాత వచ్చేవాళ్ళ కోసం వదిలెయ్యాలి. ఆ మాట మాకు ఎవరూ బోర్డు పెట్టి చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇసుక ఎక్కడుంది? లారీలకెక్కి పోయింది. ఆ ఏటి మీద వంతెన దాటేటప్పుడు నేను తల తిప్పి చూడను. చూడబుద్ధి కాదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లేకపోతే 'ఆ రోజుల్లో అందరికీ ఒకేలా ఇచ్చారా' అని అడిగేవాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా. అందరికీ ఒకేలా ఇవ్వలేదు. మా వీధి ఊడ్చే తాతకు అవ్వ చెంబు చేతికిచ్చేది కాదు. ఆయన వంగి దోసిలి పడితే పైనుంచి పోసేది. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారిపోయేవి. నేను కళ్ళారా చూశాను. అది పాపం. నీళ్ళడిగినవాళ్ళ పేరు అడక్కూడదన్న మనిషే అలా చేసింది. ఒకరోజు మా నాయన లేచి ఆ చెంబు ఆయన చేతికిచ్చాడు. అవ్వ రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. మూడోరోజు నుంచి చెంబు అందరి చేతికీ వచ్చింది. మా ఇంట్లో ఒక మనిషి లేచి నిలబడితే మారింది. నలభై ఏళ్ళ తర్వాత, ఇంత చదువుకున్న 48 ఇళ్ళవాళ్ళం మళ్ళీ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని గ్రూపులో రాసుకుంటున్నాం. ఒక్కరు కూడా లేచి నిలబడలేదు.

మద్రాసు వాళ్ళకు మనం ఎందుకివ్వాలి అని కూడా గ్రూపులో ఎవరో అన్నారు. అయ్యా, 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ కృష్ణ నీళ్ళలో తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందమైంది. మన సీమ మీదుగా, కండలేరు మీదుగా ఆ నీళ్ళు పోవాలి. మన పొలాలు ఎండుతుంటే వాళ్ళకు కాలువా అని మా తిన్నె మీద రోజూ వాదులాటే. మా నాయనకు సీమ నీళ్ళ గురించి ఎంత కోపమో, అయినా "తాగేదానికే గదా, ఇయ్యనీ" అనేవాడు. మన తిరుపతి కొళాయిల్లోకి వస్తున్నది కూడా ఆ కండలేరు నీళ్ళే. మూడు రాష్ట్రాలు టీఎంసీల లెక్కన ఇచ్చాయి. మనకు లీటరు బరువైందా?

పోనీ కొనుక్కోమంటారు. లీటరు బాటిల్ 20 రూపాయల దాకా. నలుగురు, మూడు రోజుల నడక, ఈ ఎండ. లెక్క మీరే వేసుకోండి. కొనలేక అడుగుతారనే కాదు. ఇల్లు కనపడితే అడగొచ్చు అనే నమ్మకం వాళ్ళలో ఇంకా ఉంది. దాన్ని ఈరోజు మా గేటు దగ్గర తుంచేశారు.

ఇంత రాశాక నాకు తెలుస్తోంది, నా కోపం సెక్రటరీ ఒక్కడి మీదే కాదు. ఆయన పరాయి మనిషి. మావాళ్ళు చేసిందేంటి?

1998లో ఇల్లు పంచుకున్నారు. నాయన అప్పటికే లేడు. బావి రెండు వాటాలకూ మధ్యలో వచ్చింది. బావి ఉంటే బేరం తెగదన్నాడు చిన్నాన్న. లాడ్జి కట్టేవాళ్ళు మంచి రేటు ఇస్తామన్నారు. ముందు తిన్నె పగలగొట్టారు. ఆ నల్లరాళ్ళనే తీసుకొచ్చి బావిలో వేశారు. మేము పడుకుని చుక్కలు లెక్కపెట్టిన రాళ్ళు. ఒక్కో రాయి పడుతుంటే లోపలినుంచి దబ్బుమని చప్పుడు, ఆ తర్వాత నీళ్ళు ఎగిసి ఒరకు కొట్టుకునే చప్పుడు. నీళ్ళున్న బావి అది. ఎండిపోయిన బావి కాదు! అవ్వ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకుని వచ్చింది. "ఒక గొట్టమన్నా దించండి నాయనా, గంగమ్మకు ఊపిరాడొద్దా" అని మేస్త్రీని బతిమాలింది. "పెద్దదానివి, నీకెందుకు, పక్కన కూర్చో" అన్నాడు చిన్నాన్న. తల్లిని. నేను పిల్లను చంకనేసుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఈరోజు సెక్రటరీ మీద అరిచిన అరుపు ఆరోజు అరిచి ఉండాల్సింది.

గొట్టం దించలేదు. అవ్వ కర్పూరం వెలిగించి, ఆ మట్టి కుప్ప మీదే పెట్టి వచ్చింది. మళ్ళీ ఆ వీధికి పోలేదు. పోయేదాకా పోలేదు.

పోయిన నెల ఆ లాడ్జి ముందు ఆగాను. బావి ఉన్నచోటే రిసెప్షన్. బల్ల పక్కన అద్దాల ఫ్రిజ్, దాన్నిండా నీళ్ళ బాటిళ్ళు. చిన్నాన్న పిల్లలు ఇది చదువుతారని తెలుసు. చదవనీ.

ఇందాక అమ్మకు జరిగిందంతా చెప్పాను. అమ్మకు 82 ఏళ్ళు, వినపడేది తక్కువ. అంతా విని "మజ్జిగ ఇచ్చినావా?" అంది. లేదమ్మా, నీళ్ళే ఇచ్చాను, అదీ సగం బాటిలే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వచ్చే శనివారానికి పాలు చెప్పు" అంది.

చెప్పేశాను. 20 లీటర్లు. గేటు లోపల కాదు, బయట రోడ్డు వారన బల్ల వేసి పోస్తాం. మెషిన్ నీళ్ళు ఒక్క చుక్క ముట్టను, క్యాన్లు కొంటాను. ఎవరి మెయింటెనెన్స్ నాకక్కర్లేదు. ఆ పెద్దావిడ తిరుగుదారిలో ఇటే వస్తుందో లేదో తెలియదు. అటువైపు నుంచి ఎవరైనా వస్తారు కదా.

అమ్మ గంగాళం అటక మీద ఉందేమో చూడమంది. అటక మీద లేదు. పంపకాల్లో అది కూడా చిన్నాన్న వాటాకే పోయింది. పంపించమని ఇందాకే మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు.