బీపీ బిళ్ళ మానేసిన వాళ్ళకి, మాన్పించిన వాళ్ళకి

"నార్మల్‌కి వచ్చేసింది కదా అమ్మాయ్, అందుకే మానేశా."

మెడికల్ షాపు కౌంటర్ వెనకాల నిలబడి నేను ఎక్కువసార్లు విన్న మాట ఏదైనా ఉందంటే ఇదే. బీపీ 170 వచ్చినప్పుడు భయపడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు, బిళ్ళ మొదలుపెడతారు, నెల తిరిగేసరికి 128 వస్తుంది, ఇంక రోగం పోయిందనుకుని ఆపేస్తారు. అసలు ఆ 128 ఎక్కడి నుంచి వచ్చిందండీ? ఆ బిళ్ళ వల్లే కదా! ఆపితే కొన్ని రోజులు అటూ ఇటూగా మళ్ళీ పాత నంబరుకే పోతుంది. బాగా బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, తాగుడు మానేస్తే కొంతమందికి డోసు తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆపేయొచ్చు కూడా, నేను కాదనట్లా. కానీ ఆ మాట చెప్పాల్సింది మీ రీడింగులు చూసిన డాక్టర్, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్న బావగారు కాదు.

ఇంకొకటి, "నాకేం తల తిరగట్లేదు, కళ్ళు బైర్లు కమ్మట్లేదు, నాకు బీపీ ఏంటి" అంటారు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే. బీపీ ఎక్కువైతే చాలామందికి ఏమీ తెలీదు. ఏళ్ళ తరబడి ఏమీ తెలీదు. ఎందుకు తెలీదో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఓపిగ్గా చదవండి.

గుండె ఒకటే గానీ అందులో పంపులు రెండు. కుడివైపుది ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది, దగ్గరే కాబట్టి తక్కువ ప్రెషర్ చాలు. ఎడమవైపుది ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ ఎక్కించుకొచ్చిన రక్తాన్ని నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా తోయాలి, అందుకే దాని గోడ కుడివైపు కంటే దాదాపు మూడు రెట్లు మందంగా ఉంటుంది. మనం ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తుంది. రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, రోజు మొత్తం మీద 7,000 లీటర్ల పైమాటే. ఆ తోపుకి ధమనులు సాగుతాయి, గుండె రెస్టు తీసుకునే ఆ క్షణంలో మళ్ళీ దగ్గరికొచ్చి రక్తాన్ని ముందుకి నెడతాయి, అందుకే రెండు కొట్టుకోవడాల మధ్యలో కూడా ప్రవాహం ఆగదు. మిషన్ మీద కనిపించే పై నంబరు గుండె తోసినప్పటి ప్రెషరు, కింది నంబరు గుండె వదులైనప్పటి ప్రెషరు.

పెద్ద ధమనులు చీలి చీలి సన్న ధమనులవుతాయి, అసలు కథంతా వీటి దగ్గరే. వీటి గోడల్లో కండ ఉంటుంది, అది బిగిస్తే దారి సన్నబడుతుంది, వదిలితే వెడల్పవుతుంది. దారి వెడల్పు సగమైతే రక్తానికి అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. తోటకి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు చివర వేలు అడ్డం పెడితే వెనకాల పైపంతా ఎలా బిగుసుకుంటుందో చూశారు కదా, అలాగే ఈ సన్న ధమనులు బిగిస్తే వెనకున్న పెద్ద ధమనులూ గుండే ఆ బరువంతా మోయాలి. మనం వేసుకునే ఆమ్లోడిపిన్ చేసేది ఈ కండని వదులు చెయ్యడమే. టెల్మిసార్టన్ అయితే కండని బిగించే ఒక హార్మోను పనిచెయ్యకుండా అడ్డుపడుతుంది. ఇందులో మంత్రం లేదు, విషం లేదు.

ఇప్పుడు ఆ బరువు పదేళ్ళు మోస్తే ఏమవుతుంది? ధమని గోడలు సాగే గుణం పోయి గట్టిపడతాయి. లోపలి పొర దెబ్బతిని అక్కడ కొలెస్ట్రాల్ చేరుతుంది. ఎక్కువ బరువు ఎత్తే చెయ్యి కండ పెరిగినట్టే గుండె ఎడమ గోడ కూడా మందమవుతుంది, మనం కండ పెరిగితే మంచిదే అనుకుంటాం గానీ గుండె విషయంలో అది మంచిది కాదు, బిరుసెక్కిపోయి రక్తాన్ని సరిగ్గా నింపుకోలేదు, చివరికి అలసిపోతుంది. అప్పుడొస్తుంది ఆయాసం, మెట్లెక్కలేకపోవడం, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోవడం. కంటి వెనక రెటీనాలో సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, కంటి డాక్టరు లైటు వేసి చూసి "మీకు బీపీ ఉందా" అని అడిగేది అందుకే, కోత లేకుండా లోపలి రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే చోటు ఒళ్ళు మొత్తంలో అదొక్కటే. ఇన్ని జరుగుతున్నా నొప్పి ఉండదు. ఆ గోడలు లోపల నెమ్మదిగా పాడవుతుంటే మనకి చెప్పే ఏర్పాటు ఒంట్లో లేదు. మనకి తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఇక నన్ను నిజంగా మండించే మాట. "బీపీ బిళ్ళలు వాడితే కిడ్నీలు పోతాయి." ఈ మాట ఎవరు పుట్టించారో తెలీదు గానీ ప్రతి ఊళ్ళో ఉంది, ప్రతి వాట్సాప్ గ్రూపులో ఉంది. గుండె తోసే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది, ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల జల్లెడలు ఉంటాయి, ప్రతి జల్లెడా వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల చుట్ట. ఎక్కువ ప్రెషరు ముందు చిదిమేది వాటినే. కిడ్నీలు పాడయ్యే కారణాల్లో షుగర్, బీపీ ముందు వరసలో ఉంటాయి. అంటే బీపీ వల్ల పోయే కిడ్నీలని కాపాడ్డానికి ఇచ్చిన బిళ్ళని, కిడ్నీలు పోతాయనే భయంతో మానేస్తున్నారు! టెల్మిసార్టన్ లాంటివి షుగర్ ఉండి యూరిన్‌లో ప్రోటీన్ పోతున్న వాళ్ళకి కిడ్నీలని కాపాడ్డానికే ఇస్తారు. అది మొదలుపెట్టాక క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష నంబరు) కొంచెం పెరగొచ్చు, పొటాషియం పెరగొచ్చు, అందుకే డాక్టర్ టెస్టు రాస్తారు, ఆ టెస్టు చేయించుకోవాలి, అంతేగానీ డబ్బాని చెత్తబుట్టలో వెయ్యకూడదు.

ఈ మాట అనే మనిషే మోకాళ్ళ నొప్పులకి రోజుకి రెండు పెయిన్ కిల్లర్లు చీటీ లేకుండా అడుగుతారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే బీపీని పెంచుతాయి, బీపీ బిళ్ళ పనితనాన్ని తగ్గిస్తాయి, కిడ్నీలకి అందే రక్తాన్ని తగ్గిస్తాయి. భయపడాల్సింది అక్కడ. నేను ఇవ్వనంటే పక్క షాపుకి వెళ్ళి తెచ్చుకుంటారు, వెళ్ళేటప్పుడు నా మీద కోపంగా ఒక చూపు చూస్తారు. పర్లేదు, చూడండి, నేను మాత్రం ఇవ్వను.

ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ గురించి ఒకసారి చెప్తా. అమెరికా ప్రెసిడెంటు, రెండో ప్రపంచ యుద్ధం నడిపిన మనిషి. 1944 మార్చిలో ఒక గుండె డాక్టరు ఆయన్ని చూస్తే బీపీ 186/108, గుండె అప్పటికే పెద్దదైపోయింది. అప్పటి డాక్టర్లు ఏం చెయ్యగలిగారు? ఉప్పు తగ్గించమన్నారు, రెస్టు తీసుకోమన్నారు, డిజిటాలిస్ అనే గుండె మందు ఇచ్చారు, మగత బిళ్ళలిచ్చారు. అంతకంటే చేతిలో ఏమీ లేదు. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశానికి వెళ్ళేటప్పటికి 260/150. ఏప్రిల్ 12న కుర్చీలో కూర్చుని తల వెనకాల విపరీతమైన నొప్పిగా ఉందన్నారు, పడిపోయారు, మెదడులో రక్తనాళం చిట్లి ఆ మధ్యాహ్నమే పోయారు. వయసు 63. ఆ టైములో కొలిచిన బీపీ 300 దాటింది. రోజూ మింగడానికి వీలుగా, పెద్దగా ఇబ్బంది పెట్టకుండా పనిచేసే మొదటి బిళ్ళ క్లోరోథయజైడ్ 1958లో గానీ మార్కెట్లోకి రాలేదు. తర్వాత 1967లో అమెరికాలో మాజీ సైనికుల మీద చేసిన ట్రయల్‌తో తేలింది, బీపీ బాగా ఎక్కువున్న వాళ్ళకి మందులిస్తే మెదడు, గుండె ప్రమాదాలు బాగా తగ్గుతాయని. ప్రపంచంలో అంత పవర్ ఉన్న మనిషికి దొరకని బిళ్ళ ఇవాళ మన వీధి చివర షాపులో రోజుకి రెండు మూడు రూపాయలకి దొరుకుతుంటే, పీహెచ్‌సీలో ఊరికే ఇస్తుంటే, మనం వద్దంటున్నాం. నాకు ఇది అస్సలు మింగుడుపడదు.

"వయసుకి వంద కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చు" అనే లెక్క కూడా మానుకోండి దయచేసి. అరవై ఐదేళ్ళాయనకి 165 మామూలు కాదు. వయసుతో పాటు ధమనులు గట్టిపడి పై నంబరు పెరగడం చాలామందిలో జరుగుతుంది నిజమే, చాలామందిలో జరిగినంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు కదా. అలాగే కొలిచేటప్పుడు ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతూ చెయ్యి చాపకండి. ఐదు నిమిషాలు కూర్చోండి, కాళ్ళు నేలకి ఆనించండి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద చుట్టాలి, మాట్లాడకూడదు, ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ఉండకూడదు. రెండుసార్లు చూసుకోండి. పిల్లలు అమెరికా నుంచి పంపిన బీపీ మిషన్లు ఎన్ని ఇళ్ళల్లో అట్టపెట్టె కూడా విప్పకుండా బీరువాలో ఉన్నాయో నాకు తెలుసు. వీడియో కాల్‌లో "చూసుకున్నారా నాన్నా" అంటే "ఆఁ బానే ఉంది" అంటారు. ఫోన్ కెమెరా మిషన్ వైపు తిప్పమనండి.

ఇంకో విషయం రాయకపోతే నాకు నిద్రపట్టదు. భర్తకి నెల మొత్తానికి బిళ్ళలు తీసుకుని, తనకి మాత్రం "ప్రస్తుతానికి నాలుగు ఇవ్వు చాల్లే" అనే ఆడవాళ్ళు ఎంతమందో. ఆయనవి ఆగకూడదు, తనవి ఆగొచ్చు! ఇంటి ఖర్చులో మొదట కోతపడేది అమ్మ బిళ్ళే. అమ్మా, మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ళలో బీపీ బాగా పెరుగుతుంది, మీ ధమనులు ఆయనవాటి కంటే గట్టివేం కాదు. కొడుకులూ, కూతుళ్ళూ, ఇది చదువుతుంటే ఒకసారి లేచి అమ్మ స్ట్రిప్పులో ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి.

బిళ్ళలతో ఇబ్బందులుండవని నేను అనను. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, రామిప్రిల్ లాంటివాటితో పొడి దగ్గొస్తుంది, కొందరికి లేవగానే కళ్ళు తిరుగుతాయి. చెప్తే డాక్టర్ మారుస్తారు, మార్చడానికి బోలెడు రకాలున్నాయి. గర్భం కోసం చూస్తున్న ఆడపిల్లలు టెల్మిసార్టన్ వాడుతుంటే తప్పకుండా డాక్టర్‌కి ముందే చెప్పాలి, అది కడుపులో బిడ్డకి మంచిది కాదు. అటెనొలాల్ లాంటివి వాడేవాళ్ళు మాత్రం ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి, ఒక్కోసారి హార్ట్ ఎటాక్ దాకా పోవచ్చు, అందుకే వాటిని డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గించి ఆపుతారు. ఉప్పు సంగతి మీకు తెలియంది కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, మన ఇళ్ళల్లో ఆవకాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు వరసపెట్టి వడ్డించాక ఆ 5 గ్రాములు ఎక్కడ ఆగుతాయి. తక్కువ సోడియం ఉప్పు కొనేవాళ్ళు కూడా కిడ్నీ సమస్య ఉన్నా, టెల్మిసార్టన్ వాడుతున్నా ముందు డాక్టర్‌ని అడగండి, అందులో పొటాషియం ఉంటుంది.

ఇంతా చేసి బిళ్ళ మానేసిన వాళ్ళలో ఎక్కువమందిని నేను మళ్ళీ చూసేది పక్షవాతం వచ్చాకే. మెదడుకి పోయే రక్తనాళం గడ్డ అడ్డంపడి మూసుకుపోతుంది, లేదా ప్రెషర్‌కి చిట్లుతుంది. మూతి ఒక పక్కకి పోతుంది, ఒక చెయ్యి పైకి లేవదు, మాట ముద్దగా వస్తుంది. అప్పుడు మన వాళ్ళు చేసే పని నాకు కడుపు తరుక్కుపోయేలా ఉంటుంది. ఆస్పత్రికి కాకుండా పసరు పోసే ఊరికి కారు కట్టించుకుని పోతారు. అక్కడికెళ్తే ఫలానా ఆయన లేచి నడిచాడు అంటారు. ఆ నడిచినాయన మెదడు కొన్ని వారాల్లో తనంతట తాను కొంత కోలుకుంది, పేరు పసరుకి వచ్చింది. నడవని వాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మెదడు మిగులుతుంది. గడ్డా, చిట్లడమా అన్నది సీటీ స్కాన్ తీస్తే గానీ పెద్ద డాక్టర్‌కైనా తెలీదు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకండి, చిట్లిందైతే ఇంకా ముంచుతుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద బిళ్ళ పెట్టకండి, ఒక్కసారిగా ప్రెషర్ పడిపోతే మెదడుకి అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుంది. నోట్లో నీళ్ళు పొయ్యకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉండి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి దగ్గర్లో ఏదో అడిగి నేరుగా అక్కడికే తీసుకెళ్ళండి. ఆ ఆస్పత్రి ఏదో ఇవాళే కనుక్కుని పేరు, నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టుకోండి. మీది మా ఊరే అయితే షాపుకి రండి, నేనే రాసిస్తాను.