పెద్దయ్యాక నీకే తెలుస్తుంది

పోయిన ఆదివారం నలుగురి ముందూ నాకో హామీ దొరికింది. ఒక విషయం "ఎందుకు?" అని అడిగితే, 71 ఏళ్ల మా పెదనాన్న నా భుజం తట్టి, "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలేరా" అన్నారు. నా వయసు 43. చత్వారం వచ్చింది, జుట్టు పోయింది, మోకాళ్లయితే నాకంటే ముందే పెద్దవైపోయాయి. ఇంకా ఎంత పెద్దవ్వాలో ఎవరైనా కొలత చెబితే ఆ పనిమీదే ఉంటాను.

ఈ మాటతో నాకు ఐదో ఏట నుంచీ పరిచయం. అప్పట్లో నిజంగా నమ్మాను. 18 నిండే రోజు రాత్రి నిద్రే పోలేదు. అన్నాళ్లూ నోరు మూసుకుని పాటించిన రూల్స్ అన్నిటికీ కారణాలు రాసిన కట్ట ఒకటి ఆ రాత్రి చేతికి అందుతుందని నా లెక్క. తెచ్చేవాడు ఇల్లు పోల్చుకోలేక వెనక్కి పోతాడేమోనని వరండాలో లైటు వేసి ఉంచాను. సంతకం అడుగుతాడని పెన్ను కూడా పక్కనే పెట్టుకున్నాను. పన్నెండయింది. ఒంటిగంటయింది. ఓ కుక్క వచ్చి, కాసేపు నన్ను జాలిగా చూసి, వెళ్లిపోయింది. పొద్దున విచారిస్తే, పెద్దవడమంటే వయసొక్కటే కాదు, ఉద్యోగం రావాలన్నారు. అది వచ్చాక పెళ్లి కావాలన్నారు. అయ్యాక పిల్లలు పుట్టాలన్నారు. పుట్టాక అడిగితే, "వాళ్లు పెద్దవనీ" అన్నారు. కట్ట ఇంకా దారిలోనే ఉంది. మధ్యలో ఎవరో విప్పి చూసి, లోపల ఏమీ లేకపోయేసరికి కంగారుగా మళ్లీ అంటించి పక్కవాళ్లకు పంపేస్తున్నారని నా అనుమానం. ఎన్ని తరాలుగా తిరుగుతోందో ఏమో, పైన అడ్రసు కూడా చెరిగిపోయి ఉంటుంది.

అందుకే ఆదివారం తెగించి ఆయననే అడిగాను. "మీకు తెలిసిందా పెదనాన్నా?" ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. "మీ తాత ఉంటే చెప్పేవాడు" అన్నారు.

జీన్ పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త పిల్లల దగ్గర చేరి గోళీలాట రూల్స్ ఏమిటో చెప్పమన్నాడు. 1932లో అచ్చయిన ఆ ముచ్చట్లు చదివితే నాకు అందులో పిల్లలు కనబడలేదు, అంతా మన చుట్టాలే. ఐదారేళ్లవాళ్లను ఈ రూల్స్ మార్చుకోవచ్చా అంటే, అమ్మో కూడదన్నారు. పెద్దవాళ్లు పెట్టినవట, ఎప్పటి నుంచో ఉన్నవట. అంత పవిత్రమైన రూల్స్‌తో ఆటలోకి దిగాక మాత్రం ఎవరి ఆట వారిదే! పది, పన్నెండేళ్లవాళ్లు ఇంకోలా చెప్పారు: అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఆ ఒప్పుకున్న రూల్స్‌ని వాళ్లు బుద్ధిగా పాటించారు కూడా. పన్నెండేళ్లకు వచ్చిన ఆ బుద్ధి నలభై దాటాక ఎక్కడ జారిపోతుందో, ఆ ముక్క కూడా ఆయనే తేల్చి పోయి ఉంటే బాగుండేది.

ఇంతకీ ఆదివారం నేనడిగిన "ఎందుకు" ఏమిటో చెప్పలేదు కదూ.

పెదనాన్న మనవరాలికి ఆరేళ్లు. ఇంటికొచ్చిన ఒకాయన ముద్దు పెట్టమన్నాడు. వద్దంది. మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దంది. చెయ్యి పట్టుకుని లాగాడు. పిల్ల విదిలించుకుని కర్టెన్ వెనక్కి పోయింది. అప్పటిదాకా టీవీ చూస్తున్న గది మొత్తానికి ఒక్కసారిగా రూల్ గుర్తొచ్చింది. "తప్పు! పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదు." ఎందుకు కాదనకూడదు అని నేనడిగాను. జవాబు మీరు చదివేశారు.

ఎలియట్ ట్యూరియల్ అనే మనస్తత్వవేత్త, ఆయన దారిలో పనిచేసిన పరిశోధకులు మూడు నాలుగేళ్ల పిల్లలను కూడా అడిగి చూశారు. టీచర్ ఫరవాలేదంటే బొమ్మలు సర్దకుండా వదిలేయొచ్చా? వదిలేయొచ్చు. టీచర్ ఫరవాలేదంటే పక్కవాణ్ణి కొట్టొచ్చా? కూడదు, వాడికి నొప్పి పుడుతుంది. అదిగో, నేను లైటు వేసుకుని ఎదురుచూసిన కట్ట! పాలపళ్ల వయసులోనే చేతిలో ఉంది. లాక్కున్నది మనమే. లాక్కున్నాక ఎలాంటి పెద్దలు తయారవుతారో 1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త ఓ ప్రయోగం చేసి చూపించాడు. ల్యాబ్ కోటు వేసుకున్న ఒకాయన అదే గదిలో ఉండి "కానివ్వండి" అంటుంటే, 40 మందిలో 26 మంది అవతలి గదిలోని మనిషికి 450 వోల్టుల దాకా షాకిస్తూ పోయారు. షాకులు ఉత్తివే, కానీ మీట నొక్కినవాళ్లకు ఆ సంగతి తెలియదు. అందరూ పెరిగి పెద్దయినవాళ్లే. పెద్దల మాట కాదనకూడదని బాగా నేర్చుకున్నవాళ్లే.

ఆరేళ్ల పిల్ల తన ఒంటిని తాకొద్దంటే అది తప్పా? లాగిన చెయ్యి మంచిది, విదిలించుకున్న చెయ్యి చెడ్డదా? రేపు ఎవడో నిజంగా హాని చేస్తే, మా అమ్మకు చెప్తానని ఏ నోటితో అంటుంది? ఆ నోరు ఆదివారం నాడే మూయించారు కదా, మర్యాదని పేరుపెట్టి! మర్యాదట! ఆ గదిలో పదిమంది ఉన్నారు, ఒక్కరు ఆ చేతిని వదలమనలేదు. సిగ్గుండాలి. అడగడానికి అంతసేపు పట్టినందుకు నాక్కూడా ఉండాలి. (ఇక్కడ నవ్వించే వాక్యం ఒకటి పడాలి. పడటం లేదు.)

పిల్లను బయటికి రమ్మని ముందు బతిమాలారు, తర్వాత బెదిరించారు. రాలేదు. కర్టెన్ కింద రెండు పాదాలు మాత్రం కదలకుండా కనబడుతున్నాయి.

"ఎందుకురా దీనికింత మొండితనం?" అన్నారు పెదనాన్న నా వంక చూసి.

"పెద్దయ్యాక మీకే తెలుస్తుందిలెండి" అన్నాను.