ఈ డ్రమ్స్ ఎవరు వాయించారు?

అక్క ఇంట్లోనే ఒక పాట రికార్డ్ చేసింది. గొంతు, గిటార్ తనవే. డ్రమ్స్ మాత్రం మిడి లైబ్రరీలోంచి తెచ్చిన గ్రూవ్, అంటే ముందే వాయించి పెట్టిన తాళం వరస. తమ్ముడు డ్రమ్మర్. పాటంతా విని హెడ్‌ఫోన్స్ తీశాడు.

తమ్ముడు: పాట బాగుందక్కా. డ్రమ్స్ ఎవరు వాయించారు?

అక్క: ఎవరో డ్రమ్మర్. ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయించి ఆ దెబ్బల్ని దాచిపెట్టారు. నేను లాగి ట్రాక్‌లో పడేశాను.

తమ్ముడు: అదే నా గొడవ. ఆయన నీ పాట వినలేదు. రెండో చరణంలో నువ్వు గొంతు తగ్గించావు, ఆయన తగ్గలేదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా!

అక్క: ఎరువు కాదురా, డబ్బు పెట్టి కొన్నాను. అసలు నీ డ్రమ్‌సెట్ ఈ గదిలో ఎక్కడ పెట్టను? మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే నా ఇంటర్‌ఫేస్‌కి ఉన్నవి రెండే ఇన్‌పుట్‌లు.

తమ్ముడు: ఒక్క మైకుతో కూడా రికార్డ్ చేయొచ్చు.

అక్క: చేయొచ్చు. తర్వాత స్నేర్ డ్రమ్ ఒక్కటే పెంచాలంటే? దాంతోపాటు ఆ లోహపు పళ్లేలు, సింబల్స్ కూడా లేస్తాయి. మిడిలో ఉండేది శబ్దం కాదు. ఏది, ఎప్పుడు, ఎంత గట్టిగా కొట్టారు అన్న లెక్క, అంతే. టెంపో 90 నుంచి 96కి మార్చినా నాణ్యత చెడదు. కిట్ నచ్చకపోతే కిట్టే మార్చేస్తాను.

తమ్ముడు: మార్చావుగా, పోయిన వారం! ఓపెన్ హై-హ్యాట్ జంట సింబల్స్ మోగాల్సిన చోట ఇంకేదో మోగింది.

అక్క: అది మ్యాపింగ్ గొడవ, ఏ నంబరుకి ఏది మోగాలన్న లెక్క. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం ప్రకారం కాలితో కొట్టే కిక్ 36, స్నేర్ 38, ఓపెన్ హై-హ్యాట్ 46. డ్రమ్ శబ్దాలిచ్చే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లన్నీ దాన్నే పాటించవు. మ్యాప్ సరిచేస్తే సరిపోయింది.

తమ్ముడు: సరే, నా స్టిక్ దెబ్బ బలాన్ని మిడి 127 మెట్లలో కొలిచేస్తావా?

అక్క: మిడి వచ్చిన 1983లో వేసిన లెక్క, ఇప్పటికీ నడుస్తోంది. 2020లో వచ్చిన మిడి 2.0లో 65 వేల పైచిలుకు మెట్లున్నాయి. అవన్నీ నీ చెవికి తేడా తెలుస్తాయా? పైగా ఒకే బలంతో వరసగా కొట్టినా మంచి ప్లగిన్ ప్రతిసారీ వేరే శాంపిల్, అంటే వేరే రికార్డింగ్ తీస్తుంది.

తమ్ముడు: మరి ఇక్కడ హై-హ్యాట్ మెషిన్‌గన్‌లా ఎందుకుంది? ఆ ట్రాక్ తెరువు.

(నోట్లన్నీ తెర మీద కనిపించే పియానో రోల్‌ని అక్క తెరిచింది. హై-హ్యాట్ నోట్లన్నీ గ్రిడ్ గీతలకి అతుక్కుని ఉన్నాయి. కింద దెబ్బ బలం చూపే వెలాసిటీ గీతలు ఎనిమిదికి ఎనిమిదీ 100.)

తమ్ముడు: వచ్చినప్పుడే ఇలా ఉందా?

అక్క: లేదు. గిటార్‌తో కలవట్లేదని నూరు శాతం క్వాంటైజ్ చేశాను, ప్రతి దెబ్బనీ గ్రిడ్ గీత మీదకి జరిపాను. వెలాసిటీ కూడా సమానం చేశాను.

తమ్ముడు: అయ్యో అక్కా! ఆ మనిషి స్నేర్‌ని ఓ పది మిల్లీసెకన్లు వెనక్కి లాగి ఉంటాడు. పాటకి బరువొచ్చేది అక్కడే. డబ్బు పెట్టి మనిషి చేతిని కొని, దాన్ని ఇస్త్రీ చేశావు!

అక్క: అయితే తప్పు లైబ్రరీది కాదని ఒప్పుకున్నట్టేగా?

తమ్ముడు: ఏం ఒప్పుకోలేదు. ఇస్త్రీ తీసేసినా ఆయన నీ రెండో చరణం విననట్టే.

అక్క: మాటలెందుకు, మిడి కీబోర్డ్ అదిగో. వాయించు.

తమ్ముడు: దీని మీదా? వేళ్లతోనా?

అక్క: శబ్దాన్ని కాసేపు ఆపే బఫర్‌ని 128కి తగ్గించాను. ఆలస్యం తెలీదు.

(రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. మొదటిసారి కిక్ తడబడింది. మూడోసారి కుదిరింది. స్నేర్ దెబ్బల మధ్య వినీ వినిపించని ఘోస్ట్ నోట్లు పడ్డాయి. తెర మీద వాటి వెలాసిటీ 24, 31, 19.)

అక్క: రెండో చరణానికి ఇదే ఉంచుతున్నాను. మిగతాదానికి లైబ్రరీయే. క్వాంటైజ్ తీసేస్తాలే.

తమ్ముడు: క్రెడిట్స్‌లో నా పేరు పక్కన డ్రమ్స్ అని మాత్రం వేయకు.

అక్క: మరి?

తమ్ముడు: వేళ్లు అని వేయి.