ఊపిరి బిగబట్టిన అక్షరం

అక్షరాల్లో ఆదర్శ పౌరుడు ఎవరని అడిగితే నేను తడుముకోకుండా కండెన్స్‌డ్ సాన్స్ సెరిఫ్ పేరు చెబుతాను, అంటే అడ్డంగా ఇరుకు చేసిన, అలంకారం లేని అక్షర రూపం. కొసల్లో తోకలు లేవు, ఒంటి మీద పొట్ట లేదు. గ్రూప్ ఫోటోలో చివర దొరికిన జానెడు చోట్లో భుజాలు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఇంగ్లిష్ ‘ఓ’ పుట్టుకతో గుండ్రటిది కదా, దాని రెండు పక్కలూ గోడల్లా నిటారు చేసి క్యాప్సూల్ మాత్రగా మార్చినా కిక్కురుమనదు.

1903లో అమెరికన్ అక్షర రూపకర్త మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఆల్టర్నేట్ గోథిక్ అనే ఇలాంటి ఫాంట్‌ను మూడు వెడల్పుల్లో గీశాడు. హెడ్డింగ్ పట్టకపోతే ఇంకా సన్నదాన్ని తెచ్చుకోవచ్చు. హెడ్డింగ్ రాసినవాడు ఒక్క మాట తగ్గించుకోనక్కర్లేదు, చిక్కాల్సింది అక్షరమే. 1965లో జెఫ్రీ లీ గీసిన లావుపాటి ఫాంట్ ఇంపాక్ట్‌కి వచ్చేసరికి అక్షరాల లోపలి ఖాళీలు తలుపు సందులంత మిగిలాయి. అంత గంభీరమైన అక్షరం చివరికి పిల్లి ఫోటోల మీద జోకులు మోస్తూ స్థిరపడింది.

అయితే దీని అసలు ప్రతిభ అరవడంలో లేదు, నిబంధన పాటిస్తూనే కనబడకుండా పోవడంలో ఉంది. హాలీవుడ్ పోస్టర్ అడుగున పేర్ల గుంపు చూడండి. ఫలానావారి పేరు టైటిల్ సైజులో ఇంత శాతం ఉండాలని ఒప్పందాలు ఉంటాయి. ఆ సైజుని కొలిచేది ఎత్తులో. ఇంకేం, అక్షరాలు వెదురు బొంగుల్లా నిలువునా సాగాయి. గౌరవం దక్కింది, చోటూ మిగిలింది, చదవడం మాత్రం ఒప్పందంలో లేదు.

యూరోపియన్ యూనియన్ 2011లో ఆహార ప్యాకెట్లపై తప్పనిసరి వివరాలకు చిన్న ‘ఎక్స్’ ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలంది. వెడల్పునీ గమనించాలని పెద్దమనసుతో అన్నారు గానీ, అంకె పెట్టింది ఎత్తుకే. అంకె లేని చోట మన సన్నమ్మ దూరిపోతుంది. చాలా ఫాంట్లలో చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’ రెండూ ఒకే కర్ర. వాటిని ఇంకా దగ్గరగా నిలబెడితే కంచెలా కనిపిస్తాయి. కంచె ఎందుకు కడతారో తెలిసిందే.

ఇన్ని సుగుణాలున్నా కొందరికి అసలు కండెన్స్‌డ్ ఫాంట్ కొనే ఓపిక ఉండదు. మామూలు ఫాంట్‌నే మౌస్‌తో పక్కల నుంచి నొక్కేస్తారు. నిలువు గీతలు చిక్కిపోతాయి, అడ్డగీతలు పాత లావులోనే ఉంటాయి. కాళ్లు పుల్లలై, బెల్టు మాత్రం మిగిలిన మనిషిలా. గుండ్రదనమే ఆస్తిగా బతికే తెలుగు అక్షరాలకూ ఇదే మర్యాద. సున్నా కోడిగుడ్డవుతుంది, ఒత్తులు ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుంటాయి. ఇది మాత్రం హింస, ఇందులో వ్యంగ్యం లేదు.

ఈ వ్యాసం నాలుగు లైన్లు ఎక్కువైందని ఇప్పుడే కబురొచ్చింది. ఏ వాక్యం తీసేద్దామని అడిగారు. అంత కష్టం దేనికి, కాస్త టైట్ చేయమన్నాను.