జ్వరం వచ్చినవాడికే పగలు దోమతెర కట్టాలి

విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో ల్యాబులకు కొదవలేదు. పోయిన వానాకాలం అందులో ఒకదాంట్లో మా మేనల్లుడి డెంగీ పరీక్ష రిపోర్టు తీసుకున్నాను. ఎన్‌ఎస్1 పాజిటివ్. అది పట్టుకుని అక్కయ్యపాలెంలో మా అక్క ఇంటికి వెళ్లేసరికి ముందుగది నిండా మనుషులే. ఒకరు కొబ్బరి బోండాలు తెచ్చారు, ఒకరు బొప్పాయి ఆకు రసం తెచ్చారు, మా బావ కివీ పళ్లు పట్టుకొచ్చాడు (ఊళ్లో ప్లేట్లెట్లు పడిపోయే కొద్దీ వాటి ధర పైకి లేస్తుంటుంది). గడప దాటిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "ప్లేట్లెట్లు ఎంతున్నాయి?"

కుర్రాడు బనియన్ మీద, కిటికీ పక్క మంచంలో పడి ఉన్నాడు. పొద్దున్న పదకొండు గంటలు. గాలి ఆడాలని కిటికీ బార్లా తీసి ఉంచారు. తాగేసిన బోండాలు పెరటి మూల గుట్టగా పడి ఉన్నాయి. ఆ పూట వాడిని దోమ కుడితే ఏమవుతుందన్న ఆలోచన అక్కడ ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు. వచ్చే జ్వరం వచ్చేసింది, ఇంక దోమ కొత్తగా చేసేదేముంది అనుకున్నాం.

దోమ అంటే మన మనసులో ఎగిరే సిరంజి. ఒకరి రక్తం పీల్చి, అదే మూతితో ఇంకొకరిని పొడిచి రోగం అంటించేస్తుందనుకుంటాం. డెంగీ అలా సాగదు. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై ఆడదోమ రోగిని కుట్టి, మర్నాడు మిమ్మల్ని కుట్టినా సాధారణంగా మీకేమీ కాదు. ముందు ఆ దోమకు డెంగీ రావాలి. అది కడుపులో మొదలై, ఒళ్లంతా పాకి, ఉమ్మిదాకా చేరాలి. అందుకు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దోమ లోపల జరిగేది తెలిస్తే, వీధిలో మనం పడే హడావుడిలో ఎంత భాగం తప్పుచోట జరుగుతోందో తెలుస్తుంది.

డెంగీ వైరస్ సైజు 50 నానోమీటర్లు. వెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అటూ ఇటూగా ఒక ముక్క. దాని జన్యు సమాచారమంతా ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు, సుమారు 10,700 అక్షరాలు. దినపత్రికలో ఒక పేజీకి సరిపోయేంత. ఆ కాస్త రాతతోనే పది ప్రొటీన్లు తయారవుతాయి: మూడు వైరస్ ఒంటిని కట్టడానికి, ఏడు కణంలో దాని పని నడపడానికి. పైన కప్పు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఈ-ప్రొటీన్ అనేది 180 ప్రతులుగా, పెంకుటింటి మీద పెంకుల్లా, సందు లేకుండా పడుకుని ఉంటుంది.

దోమ పీల్చేది రెండు మూడు మిల్లీగ్రాముల రక్తమే. అది కడుపులో పడిన కొన్ని గంటల్లోనే దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. ఆలోపే వైరస్ పేగు గోడ కణాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే కణం దాన్ని మేత అనుకుని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. అరిగించడానికి ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. వైరస్‌కు కావలసిందీ అదే. పులుపు తగలగానే పడుకున్న పెంకులు మూడేసి చొప్పున జట్టుకట్టి నిటారుగా లేస్తాయి, సంచి గోడలో గుచ్చుకుంటాయి, వైరస్ పొర ఆ గోడలో కలిసిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ కణంలోకి జారుతుంది. అరిగించుకోవడానికి పోసిన ఆమ్లమే తాళం తీసిందన్నమాట. మరి కొత్తగా పుట్టిన వైరస్‌లు బయటికొచ్చే దారిలోనూ పులుపు ఉంటుంది కదా, అక్కడే పెంకులు లేచిపోవా? లేవవు. ప్రతి ఈ-ప్రొటీన్ మొన మీదా పెన్నుకి క్యాప్‌లా ఒక చిన్న ముక్క కూర్చుని ఉంటుంది. ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దారిలోనే దాన్ని కత్తిరిస్తుంది, కణం దాటాకే ఆ ముక్క ఊడిపడుతుంది.

పేగు కణాల్లో పెరగడం మొదటి గేటు. పేగు దాటి దోమ ఒంట్లో పారే ద్రవంలోకి రావడం రెండోది. లాలాజల గ్రంథుల్లోకి దూరడం మూడోది. కొన్ని దోమల్లో వైరస్ మొదటి గేటు దగ్గరే ఆగిపోతుంది. దోమ కూడా ఊరుకోదు. వైరస్ తనను తాను నకలు చేసుకునేటప్పుడు ఏర్పడే జంట ఆర్‌ఎన్‌ఏ పోగును డైసర్-2 అనే ప్రొటీన్ గుర్తుపట్టి 21 అక్షరాల ముక్కలుగా తరిగేస్తుంది. ఆ ముక్కల్నే ఆనవాలుగా పెట్టుకుని మిగతా వైరస్ ఆర్‌ఎన్‌ఏనూ వెతికి నరుకుతారు దోమ ఒంటి కూలీలు. అయినా పూర్తిగా తుడిచిపెట్టలేరు. వైరస్ బతుకుతుంది, దోమా బతుకుతుంది. మనల్ని మంచాన పడేసే వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని అది మామూలుగా ఎగురుతూనే ఉంటుంది, చచ్చేదాకా.

ఇక మా మేనల్లుడి రిపోర్టులోని ఎన్‌ఎస్1 సంగతి. వైరస్ చేసే ఏడు పని ప్రొటీన్లలో అదొకటి. సోకిన కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి. అందుకే జ్వరం మొదటి రోజుల్లోనే పరీక్షకు దొరుకుతుంది. మనకు అది రోగం ఆనవాలు మాత్రమే. కానీ 2016లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టిన సంగతి ఇంకోటి: రక్తంతో పాటు దోమ కడుపులోకి వెళ్లిన ఎన్‌ఎస్1 అక్కడి రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చుతుంది. వైరస్‌ను అడ్డుకునే రసాయనాల తయారీ తగ్గి, మొదటి గేటు తేలిగ్గా తెరుచుకుంటుంది. అంటే ల్యాబులో "పాజిటివ్" అని ప్రింటు కొట్టించిన ప్రొటీనే ఆ గదిలో తిరిగే దోమకు డెంగీ రావడానికి సాయం చేస్తోంది. రిపోర్టు చేతికొచ్చిన రోజు దోమల విషయంలో నిశ్చింతగా కూర్చోవాల్సిన రోజు కానే కాదు.

గ్రంథుల్లోకి చేరిన వైరస్ ఉమ్మితో పాటు మన చర్మంలో దిగుతుంది. దోమ ఉమ్మి ఉత్త నీళ్లు కాదు. రక్తం గడ్డకట్టనివ్వని, ప్లేట్లెట్లను ఒకచోట చేరనివ్వని ప్రొటీన్లు అందులో ఉంటాయి. డెంగీ దోమ ఉమ్మిలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ తునకలు కూడా కొన్ని దొరికాయి. మన చర్మకణాలు వేసే తొలికేకను అవి నొక్కేస్తాయట. ఆ పైన మన ఒంట్లో నాలుగు నుంచి పది రోజులు, తర్వాత జ్వరం.

దోమ లోపలి ప్రయాణానికి సుమారు 8 నుంచి 12 రోజులని చెబుతారు. ఎండవేడి దాన్ని మార్చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర సగటున పదిహేను రోజులు పట్టే పని, 30 డిగ్రీల దగ్గర ఆరేడు రోజుల్లో అయిపోతుందని లెక్కలున్నాయి. దోమ బతికేది రెండు మూడు వారాలు. పదిహేను రోజులు పడితే చాలా దోమలు రోగం అంటించే స్థితికి రాకముందే చస్తాయి. వారంలో అయిపోతే ఇంకో వారం, రెండు వారాలు కుట్టుకుంటూ తిరుగుతాయి. వానాకాలంలో ఉక్కపోసే విశాఖ ఏ లెక్క కిందికొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రోగం మన ఊరికి కొత్తదీ కాదు. 1963లో కలకత్తాను పట్టిన డెంగీ తూర్పు తీరం వెంట దిగి, 1964లో విశాఖలో జ్వరాలు తెచ్చింది. ఆ జ్వరాల మీద 1965లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో పరిశోధన పత్రాలు కూడా వచ్చాయి. అరవై ఏళ్లు గడిచినా జ్వరాలు రాగానే మనకు గుర్తొచ్చేది పొగబండే. సాయంత్రం వీధిలో పొగ కొడతారు. పగలు కుట్టే ఏడిస్ అప్పటికి మంచం కింద, కర్టెన్ వెనక, బట్టల కొక్కేల చాటున కూర్చుని ఉంటుంది. పైగా ఆ మందుల్లో చాలావరకు దోమ నరాల్లోని సోడియం ద్వారాన్ని పట్టుకుని చంపుతాయి. ఆ ద్వారం జన్యువులో ఒక్క అక్షరం మారితే మందుకు పట్టు దొరకదు. అలా మారిన దోమలు మన దేశంలోనూ కనబడ్డాయి. పొగ వల్ల ప్రయోజనం సున్నా అనను. కంటికి కనిపించే పని కాబట్టి దానికి దక్కాల్సిన దానికన్నా ఎక్కువ గౌరవం దక్కుతోందంటాను.

నిల్వనీళ్లన్నీ పారబోసే శుక్రవారం డ్రై డే నా దృష్టిలో అంతకన్నా తెలివైన పని. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు మార్చడంలో లెక్క ఉంది. కాకపోతే డ్రమ్ము పారబోసి బోర్లిస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరి పీచుతో తోమాలి. పెరట్లో మూలపడ్డ పాత రుబ్బురోలును కూడా.

దోమ ఒంట్లో డెంగీ వైరస్‌ను పెరగనివ్వని వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఏడిస్ దోమల్లో పెట్టి వదిలితే ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో తేలింది. పుదుచ్చేరిలోని ప్రభుత్వ పరిశోధన కేంద్రం కూడా అలాంటి దోమల్ని పెంచింది. అవి మన వీధిదాకా వచ్చేలోపు చేతిలో ఉన్నది దోమతెర. జ్వరం మొదలయ్యే రెండు రోజుల ముందు నుంచి, తగ్గిన రెండు రోజుల దాకా రోగి రక్తం దోమకు డెంగీ అంటించగలదు. అన్ని రోజులూ వాడు పగలు కూడా తెరలో ఉండాలి. జ్వరమే రాకుండా వైరస్ మోసేవాళ్లూ ఉంటారు, వాళ్లకు తెర ఎవరు కడతారని అడగొచ్చు. కట్టలేం. అందుకే డ్రమ్ము తోమే పని మానకూడదు. కానీ రిపోర్టు చేతిలో ఉన్న మనిషి విషయంలో ఆ సాకు చెల్లదు కదా. మా వాడికి రాసిన మందుల చీటీలో పారాసెటమాల్ ఉంది, ఓఆర్‌ఎస్ ఉంది, రోజు విడిచి రోజు రక్తపరీక్ష ఉంది. తెర మాట లేదు.

మా వాడికి తగ్గింది. వాడికి జ్వరం మొదలైన పదహారో రోజున పై వాటాలో ఉండేవాళ్ల అమ్మాయికి జ్వరం వచ్చింది. ఎన్‌ఎస్1 పాజిటివ్. మా గదిలో తిరిగిన దోమే కుట్టిందని రుజువేమీ లేదు, వీధంతా దోమలే. రోజులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. అక్క ఇంట్లో అటక మీదున్న దోమతెర దులిపి పైకి తీసుకెళ్లాను. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఆ పిల్ల తల్లి తెర వంక, నా వంక చూసి, "ఇప్పుడెందుకండీ అన్నయ్యగారూ, రాత్రికి కడతాం లెండి" అంది.

"ఇప్పుడే కట్టాలమ్మా, మేకులెక్కడున్నాయి?" అన్నాను.